తొమ్మిదో అంశం: కుర్చీలోంచి లేవడం

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది, జూన్ మొదటి శనివారం నుంచి నన్ను రాజపాళయం క్లినిక్కుకు వేశారు. అప్పటికి నేను మదురైలో ఒక ప్రైవేటు ఆసుపత్రి నాడీ విభాగంలో సీనియర్ ఫిజియోథెరపిస్టును. పదవీ విరమణకు ఇంకా రెండేళ్లకు పైగా ఉంది. మా విభాగంలో హోదాల వరుస స్పష్టంగా ఉండేది. పైన న్యూరాలజీ పెద్ద డాక్టరు గారు, ఆయన పక్కన న్యూరోసర్జను, వాళ్ల కింద ఇద్దరు జూనియర్ డాక్టర్లు, ఆ కింద నేను. నా కింద ఒక వీడియో కెమెరా, దాని స్టాండు ఉండేవి.

క్లినిక్కు అంటే బస్టాండు దగ్గర ఒక నర్సింగ్ హోము మేడ మీద అద్దెకు తీసుకున్న గది. నెలకు రెండు శనివారాలు వెళ్లాలి. నన్నే ఎంచుకోవడానికి నా ప్రతిభ కారణం కాదు. ఆ ఊళ్లో సగం మంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు, మా విభాగంలో తెలుగు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. నేను చదివింది తిరుపతిలో, ఉద్యోగం మదురైలో, పెళ్లి చేసుకున్నది రాజపాళయం అమ్మాయిని. ఈ మూడో సంగతిని ఆసుపత్రివాళ్లు ఒక సౌకర్యంగా లెక్కేశారు. నేనూ అలాగే అనుకున్నాను.

మేము చేసే పని గురించి కొంచెం చెప్పాలి. పార్కిన్సన్స్ జబ్బులో కదలిక నెమ్మదిస్తుంది, కండరాలు బిగుసుకుంటాయి, కొందరికి చేతులు వణుకుతాయి. లెవోడోపా అనే మాత్ర వేసుకుంటే మొదటి కొన్నేళ్లు మనిషి బాగానే తిరుగుతాడు. తరువాత మాత్ర పనిచేసే సమయం కుదించుకుపోతుంది. పనిచేస్తున్నంతసేపు రోగి 'ఆన్'లో ఉన్నాడంటాం, అది దిగిపోయాక 'ఆఫ్'. ఆఫ్ గంటలు మరీ పెరిగిపోయిన కొందరికి మెదడు లోపల రెండు సన్నటి తీగలు దించి, కాలర్ ఎముక కింద ఒక బ్యాటరీ పెట్టి, రాత్రీ పగలూ చిన్నపాటి విద్యుత్తు పంపే ఆపరేషన్ చేస్తారు. అది జబ్బును నయం చెయ్యదు. ఆన్ గంటలను పెంచుతుంది.

ఎవరికి పడితే వారికి చెయ్యరు. వణుకు సంగతి కాస్త వేరు గానీ, మిగతా విషయాల్లో మాత్ర ఇవ్వలేనిది తీగ కూడా ఇవ్వలేదు. అందుకని ముందు ఒక పరీక్ష ఉంటుంది. రోగి పన్నెండు గంటలు మందు ఆపి రావాలి. ఆ స్థితిలో నడక, వేళ్ల కదలిక, బిగువు, మాట, ఇలా ఒక్కో అంశానికి సున్నా నుంచి నాలుగు దాకా మార్కులు వేస్తాం. ఈ లెక్కలో ఎక్కువ మార్కులు వస్తే ఎక్కువ జబ్బు. తరువాత మామూలు పొద్దుటి మోతాదుకు ఒకటిన్నర రెట్లు మందు ఇచ్చి, అది ఎక్కాక మళ్లీ మార్కులు వేస్తాం. రెండింటికీ తేడా కనీసం ముప్పై శాతం ఉంటేనే ఫైలు ఆపరేషన్ బోర్డుకు అనుకూలంగా వెళ్తుంది. ఆఫ్‌లో ఉన్న మనిషిని రెండు గంటలు కారులో మదురైకి తీసుకురావడం హింస కాబట్టి, ఆ పరీక్షను రాజపాళయంలోనే చెయ్యాలని పెద్ద డాక్టరు గారు నిర్ణయించారు. చేసేది నేను, వీడియో చూసి సంతకం పెట్టేది ఆయన.

రెండో నెలలో ఎం. రంగమ్మాళ్ అనే ఆమె వచ్చింది. వయసు అరవై తొమ్మిది, జబ్బు వచ్చి పదకొండేళ్లు. భర్త పోయాక దగ్గర్లోని సత్రపట్టిలో బ్యాండేజీ గుడ్డ నేసే పది మగ్గాల షెడ్డును ఆమే నడిపింది. ఇప్పుడు కొడుకు చూసుకుంటున్నాడు. చూసుకోవడం వేరు, దారాలు లెక్కపెట్టడం వేరు అని ఆమె అభిప్రాయం. బ్యాండేజీ గుడ్డకు అంగుళానికి ఇన్ని దారాలని ఉంటుంది. తక్కువైతే సరుకు వెనక్కి వస్తుంది. చిన్న మడత భూతద్దం గుడ్డ మీద పెట్టి, సూదిమొనతో ఒక్కో దారాన్నీ లెక్కపెట్టాలి. చెయ్యి వణికినా, వేళ్లు బిగిసినా ఆ పని సాగదు. మొత్తం మీద రోజుకు నాలుగు గంటలే తను మనిషినని, మిగతా గంటలు మూటనని ఆమె చెప్పింది. కోడలు జానకి పక్కన నిలబడి తల ఊపింది. ఆపరేషన్ కోసం రంగమ్మాళ్ పట్టుదలగా ఉంది. డెబ్బై దాటితే బోర్డు వెనకాడుతుందని ఎవరో ఆమెకు చెప్పారు, అది అబద్ధం కాదు.

నేను ఫారం తీశాను. పేరు, వయసు, ఎత్తు, బరువు. ఆ తరువాత, ఫారంలో లేని ఒక ప్రశ్న అడిగాను.

"మీరు ఎవరింటివారమ్మా?"

అలవాటు. ఆ ఊళ్లో తెలుగులో మాట మొదలుపెట్టి ఆ ప్రశ్న అడగకపోతే పొగరనుకుంటారు. ఆమె చెప్పింది, నేను నా భార్య పుట్టింటి పేరు చెప్పాను, ఆమె కళ్లు మూసుకుని లోపలెక్కడో ఒక వంశవృక్షం తిప్పింది. నాలుగు నిమిషాల్లో తేలింది. నా భార్య పిన్నమ్మకు ఈమె తోటికోడలు. అంటే నాకు అత్త వరుస.

"అయ్యో, మన అల్లుడు గారా! పెండ్లిలో చూసినాను. అప్పుడు జుట్టు ఉండె," అని ఆమె జానకి వైపు తిరిగి, "కాపీ తెప్పించవే," అన్నది. క్లినిక్కులో కాఫీ దొరకదు. జానకి కింద హోటలుకు వెళ్లి తెచ్చింది. రోగి తెప్పించిన కాఫీ తాగుతూ నేను పరీక్ష నియమాలు వివరించాను. ముందురోజు రాత్రి ఎనిమిది తరువాత మాత్ర వద్దు, పొద్దున కూడా వద్దు, కష్టంగా ఉంటుంది, ఓర్చుకోవాలి. అన్నిటికీ ఆమె సరేనన్నది.

పరీక్ష శనివారం పొద్దున ఎనిమిదిన్నరకు నేను గదిలోకి వెళ్లేసరికి రంగమ్మాళ్ గంజి పెట్టిన చీర కట్టుకుని, తలలో మల్లెలు పెట్టుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి నిలబడింది. కొంచెం నెమ్మదిగానే, కానీ ఎవరి సాయమూ లేకుండా. "రండి అల్లుడు గారూ," అన్నది.

నాకు సంతోషం వేసింది, దాచను. మందు ఆపి కూడా ఇంత బాగుందే అనుకున్నాను. ముప్పై ఏళ్లు ఈ పని చేసినవాడికి ఆ క్షణంలో రావలసింది సంతోషం కాదు, అనుమానం. కెమెరా ఆన్ చేసి అంశాలన్నీ వరుసగా చేయించాను. తొమ్మిదో అంశం కుర్చీలోంచి లేవడం. చేతులు రెండూ ఛాతీ మీద అడ్డంగా పెట్టుకుని లేవాలి. ఆమె లేచింది. సున్నా వేశాను. మొత్తం ముప్పై ఒకటి వచ్చింది. మందిచ్చి గంట ఆగి మళ్లీ చేస్తే ఇరవై ఆరు. తేడా పదహారు శాతం.

బోర్డు సమావేశం పన్నెండు నిమిషాలు జరిగింది. మందుకు స్పందన చాలదు, ఇది మామూలు పార్కిన్సన్స్ కాకపోవచ్చు, ఆపరేషన్ వల్ల ఉపయోగం కనిపించడం లేదు. నిర్ణయం అదీ. అంకెలు నావి, సంతకం పెద్ద డాక్టరు గారిది. రోజుకు నాలుగు గంటలు బాగుంటానని ఆమె చెప్పిన మాటను జూనియర్ డాక్టరు ఒకాయన గుర్తు చేశాడు గానీ, రోగులు చెప్పే గంటలను మేము అంతగా నమ్మం. అంకెలనే నమ్ముతాం.

ఆపరేషన్ కుదరదనే ఉత్తరం పోస్టులో పంపాలి. బంధువులకు పోస్టులో పంపడం బాగుండదని నేను చేతపట్టుకుని బయలుదేరాను. తరువాతి శనివారం క్లినిక్కు ముగిశాక, మధ్యాహ్నం మూడు గంటలకు, చెప్పకుండా వాళ్లింటికి వెళ్లాను. ఇది నా రెండో తప్పు. మొదటి తప్పు బయటపడింది దీనివల్లే కాబట్టి దీని మీద నాకు పెద్దగా ఫిర్యాదు లేదు.

జానకి తలుపు తీసింది. నన్ను చూడగానే మొహం పాలిపోయింది. "రండి అన్నా, కూర్చోండి. అత్త పండుకొని ఉన్నారు. ఇప్పుడే వస్తారు," అని హాల్లో కుర్చీ చూపించి గబగబా లోపలికి వెళ్లింది. తలుపు పూర్తిగా మూసుకోలేదు. మంచం చివర రెండు పాదాలు కనిపించాయి. వేళ్లు లోపలికి ముడుచుకుపోయి కొయ్యలా ఉన్నాయి. జానకి ఆమెను భుజాలు పట్టి లేపబోతే మనిషి మొత్తం ఒకే ముక్కగా కదిలింది.

"అత్తా, అల్లుడు వచ్చినారు."

ఏదో గొణుగుడు వినిపించింది, మాట కాదు. ఆ వెంటనే మాత్రల అట్ట చిటుక్కుమన్న చప్పుడు. ఆ చప్పుడు నాకు ముప్పై ఏళ్ల పరిచయం. నేను చూపు తిప్పుకుని గోడ మీద క్యాలెండరు చూస్తూ కూర్చున్నాను.

జానకి కాఫీ తెచ్చింది. తరువాత మిక్చరు తెచ్చింది. తరువాత రెండో కాఫీ తెచ్చి, ఊళ్లో వానలు లేవని చెప్పింది. నేను చేతి గడియారం చూసుకున్నాను, వృత్తిరోగం. ముప్పై ఎనిమిది నిమిషాలకు లోపలి తలుపు తెరుచుకుని, చీర మార్చుకుని, జుట్టు దువ్వుకుని రంగమ్మాళ్ తన కాళ్ల మీద తాను నడుచుకుంటూ వచ్చింది. "ఎంతసేపయింది వచ్చి? సుమ్మా, ఊరికే కొంచెం కన్ను మూసినాను," అన్నది.

ఫారం లేకుండా, కెమెరా లేకుండా, నేను చెయ్యవలసిన పరీక్ష ఆ హాల్లో సక్రమంగా పూర్తయింది. తేడా పదహారు శాతం కాదు.

ఉత్తరం సంచిలోనే ఉంచి అడిగాను. ఆ శనివారం పొద్దున మాత్ర వేసుకున్నారా అని. ఆమె వేసుకోలేదనలేదు.

"ఆపమన్నారు, ఆపినాను. రాత్రంతా ఆపినాను. అల్లుడు లోపలికి వచ్చేటప్పుడు జొల్లు కార్చుకుంటా పడి ఉండేదానికి నేనేమి మనిషిని కాదా? మీరు వస్తే లేచి నిలబడాల. అది మరియాద. కొంగులో ఒకటి ముడి వేసుకొని వచ్చినాను. ఒకటే!"

"అత్తా!" అన్నది జానకి. "డబ్బాని బీరువాలో పెట్టి తాళం వేసినానే నేను!"

"నువ్వు తాళం వేసేదానికి ముందే తీసినాను."

నేను ఉత్తరం తీసి చదివి వినిపించాను. మందు పని చెయ్యదని అందులో ఉందన్నాను. "ఎవరు రాసినారు అట్లా?" అని అడిగింది. నేనే అన్నాను. జీవితంలో నాకు సిగ్గు వేసిన సందర్భాలు లెక్కపెడితే అది మొదటి రెండింట్లో ఉంటుంది. నన్ను ఆమె తిడితే బాగుండేది. తిట్టలేదు. అల్లుణ్ణి తిట్టరు.

"మళ్లీ పెట్టించండి ఆ పరీక్ష," అన్నది చివరికి. "మాత్తర వేసుకోను. కానీ మీరు ఆడ ఉండగూడదు. వేరే ఎవరైనా చూడనీ. ఊరూ పేరూ తెలియనివాళ్లు. దాని తరువాత ఆ వీడియో కూడా మీరు చూడగూడదు. ఒప్పుకుంటేనే వస్తాను."

ఒప్పుకున్నాను.

సోమవారం పెద్ద డాక్టరు గారికి జరిగింది చెప్పాను. ఆయన ఫైలు తిప్పుతూ, పరీక్షకు ముందు రోగితో ఏం మాట్లాడారని అడిగారు. చుట్టరికం గురించి అన్నాను. అది ఫారంలో ఎన్నో గడి అని అడిగారు. గడి లేదన్నాను. ఆయన ఆ ఫారంలో పై నుంచి నా సంతకం దాకా ఎర్ర సిరాతో ఏటవాలుగా ఒక గీత గీసి, పరీక్ష రద్దు అని రాశారు. ఉద్యోగంలో చేరిన తరువాత నా పని మీద పడిన ఎర్ర గీత అదొక్కటే. న్యాయమైనదే.

రెండో పరీక్ష మదురైలో జరిగింది. ముందురోజే చేర్చుకున్నారు. పరీక్ష చేసింది పాలక్కాడు నుంచి కొత్తగా వచ్చిన దివ్య అనే ఫిజియోథెరపిస్టు. ఆ అమ్మాయికి తెలుగు రాదు, తమిళం అంతంత మాత్రం, రాజపాళయం ఎటువైపో తెలియదు. మాత్రలు నర్సు దగ్గర పెట్టారు. చీర మార్చి ఆసుపత్రి గౌను ఇచ్చారు. గౌనుకు కొంగు ఉండదు. మా విభాగంలో అప్పటి నుంచి ఈ పరీక్షకు గౌను తప్పనిసరి అయింది. కారణం అడిగినవాళ్లకు పరిశుభ్రత అని చెబుతారు.

ఆఫ్‌లో యాభై ఆరు, ఆన్‌లో ఇరవై రెండు. అరవై శాతం తేడా. తొమ్మిదో అంశంలో దివ్య ఆఫ్‌లో నాలుగు వేసింది. నాలుగు అంటే సాయం లేకుండా లేవలేరు అని అర్థం.

బోర్డుకు వీడియో వేసి చూపించడం నా ఉద్యోగంలో భాగం. ఆ రోజు వీడియో వైర్లన్నీ కలిపి, ఎక్కడ నొక్కాలో జూనియర్ డాక్టరుకు చూపించి, నేను బయట కారిడార్‌లో నిలబడ్డాను. తాగునీటి యంత్రం మీద అంటించిన సూచనలు మూడు భాషల్లో చదివాను. పదిహేను నిమిషాల తరువాత జూనియర్ డాక్టరు తలుపు తీసి, బోర్డు ఒప్పుకుందని చెప్పాడు. ఆ వీడియోను విభాగమంతా చూసింది. నేను ఇప్పటికీ చూడలేదు.

అయితే ఇచ్చిన మాటలో నేను ముందుగా ఆలోచించని ఒక చిక్కు ఉంది. ఈ ఆపరేషన్ చాలావరకు రోగి మెలకువగా ఉండగానే చేస్తారు, అదీ మందు ఆపి, ఆఫ్‌లో. తీగ సరైన చోటికి చేరిందా లేదా తెలియాలంటే, సర్జను కొంచెం కొంచెంగా విద్యుత్తు పెంచుతుంటే ఇటుపక్క ఒకరు రోగి మణికట్టు ఆడిస్తూ, మాట్లాడిస్తూ, బిగువు తగ్గుతోందా, మాట తడబడుతోందా అని చెబుతూ ఉండాలి. ఆ ఒకరు నేను. దివ్యను పెట్టమని సర్జనును అడిగాను. ఆయన నెత్తురు, నరాలు, మిల్లీమీటర్ల మధ్య కొత్త మనిషి వద్దన్నారు. పైగా రోగి భయపడితే ఆమె భాషలో మాట్లాడేవాళ్లుండాలన్నారు.

ముందురోజు సాయంత్రం వార్డులో తెర బయట నిలబడి ఈ సంగతి చెప్పాను. జానకి బయటికి వచ్చి, "సరి అన్నట్టే అన్నా. వద్దని చెప్పలేదు," అన్నది.

మర్నాడు పొద్దున థియేటర్లో రంగమ్మాళ్ తలకు ఇనుప చట్రం నాలుగు మరలతో బిగించి, ఆ చట్రాన్ని బల్లకు బిగించారు. తీగలు దించే లెక్కలన్నీ ఆ చట్రం నుంచే కొలుస్తారు కాబట్టి తల వెంట్రుకవాసి కదలకూడదు. జుట్టు తీసేశారు. మొహంలో కదలిక లేదు. పెదవి చివర తడిగా ఉంది. నేను ఆమెకు కనిపించే వైపు వెళ్లి నిలబడ్డాను. ఆమె పెదవులు కదిలాయి. ఆఫ్‌లో గొంతు బాగా తగ్గిపోతుంది, అందుకని వంగి చెవి దగ్గర పెట్టాను.

"లేచేదానికి లేదు అల్లుడు గారూ," అన్నది. "తల కట్టేసినారు. తప్పుగా అనుకోవద్దు."

పరవాలేదత్తా అన్నాను. నేను బయటికి వెళ్లాల్సిన అవసరం అక్కడితో తీరిపోయింది. లేవకపోవడానికి ఆమె దగ్గర ఇప్పుడు జబ్బు కాని కారణం ఒకటి ఉంది.

మణికట్టు పట్టుకున్నాను. పళ్ల చక్రం తిప్పినట్టు ఆగి ఆగి తిరిగింది. సర్జను అంకెలు చెబుతూ పెంచారు. మూడో అంకె దగ్గర నా చేతిలో ఆ పళ్లు ఒక్కొక్కటే అరిగిపోయాయి. నాలుగో అంకె దగ్గర మణికట్టు మామూలు మణికట్టు. గుప్పిట తెరిచి మూయమన్నాను. ఆమె మూసింది, తెరిచింది, మళ్లీ మూసింది, ఆపమన్నా ఆపలేదు.

"మాత్తర లేకుండానా ఇది?" అని అడిగింది. ఈసారి వంగకుండానే వినిపించింది.

ఏమంటోందని సర్జను అడిగారు. అనువదించాను. ఆయన అవునని చెప్పమన్నారు. చెప్పాను.

తొమ్మిదో రోజు తల కట్టు విప్పుతుంటే ఆమె ఆ గుడ్డను రెండు వేళ్ల మధ్య రుద్ది చూసి, "ఇది మాది కాదు. దారాలు తక్కువ," అన్నది. ఈ ఫిర్యాదును కొనుగోలు విభాగానికి నేను చేరవేయలేదు.

ఆపరేషన్‌తో పని అయిపోదు. నెల తరువాత బ్యాటరీ ఆన్ చేసి, కొన్ని వారాలపాటు విద్యుత్తు మోతాదు సర్దుతూ పోవాలి. ఎక్కువైతే మాట ముద్దవుతుంది, తక్కువైతే కాలు ఈడుస్తుంది. రంగమ్మాళ్‌కు మాత్రలు సగానికి తగ్గాయి, పూర్తిగా పోలేదు. గొంతు మునుపటంత రాలేదు. అత్త అరవలేకపోవడంతో మగ్గాలవాళ్లు సుఖంగా ఉన్నారని జానకి చెప్పింది.

ఆరు నెలలకు తుది పరీక్ష. మందు ఆపి, విద్యుత్తు మాత్రం నడుస్తుండగా మార్కులు వెయ్యాలి. ఈసారి రాజపాళయంలోనే, నేనే చెయ్యాలని ఆమె అడిగిందట. పెద్ద డాక్టరు గారు ఒప్పుకున్నారు గానీ, గౌను మరచిపోవద్దని నాకు విడిగా చెప్పారు.

నేను మేడ మీది గదిలోకి వెళ్లేసరికి రంగమ్మాళ్ చీరలోనే ఉంది. గౌను మడత విప్పకుండా పక్క కుర్చీ మీద ఉంది. నన్ను చూసి లేచి నిలబడింది. చేతులు కుర్చీని తాకలేదు. నా చూపు ఆమె కొంగు మీద పడింది. కొంగున ముడి ఉంది. జానకి కూడా అటే చూసింది.

"ఏముందత్తా అందులో?" అని అడిగాను.

ఆమె ముడి విప్పడానికి తొందరపడలేదు. వేళ్లతో ఒక్కో మడతా విప్పి నా అరచేతిలో పెట్టింది. ఇత్తడి మడత భూతద్దం, దారాలు లెక్కపెట్టేది. "ఇది అయినాక సత్రపట్టి పోవాల. బస్సు పది గంటలకి," అన్నది.

గౌను అవసరం లేదన్నాను. కెమెరా ఆన్ చేసి అంశాలు వరుసగా చేయించాను. తొమ్మిదో అంశంలో సున్నా వేశాను. మొదటి ఫారంలోనూ అదే చోట సున్నా ఉంది, ఎర్ర గీత కింద.

పరీక్ష ఏదైనా, రోగి ఎదురుగా ఉన్న మనిషికి చూపించదలచుకున్నంతే అందులో తెలుస్తుంది. ఎదుటి మనిషి ఎవరో రోగికి ముందే తెలిస్తే, పరీక్ష అతన్ని కూడా కొలుస్తుంది. ఆ తరువాత క్లినిక్కులో నేను ఎవరింటివారని ఎవరినీ ముందుగా అడగలేదు. రాజపాళయంలో అది అంత సులభం కాదు, మనం అడగకపోతే వాళ్లే అడుగుతారు. తిరుపతివాణ్ణని చెప్పి ఫారం నింపేవాణ్ణి. పరీక్ష ముగిసి, కెమెరా సంచిలో పెట్టాక, నా భార్య పుట్టింటి పేరు చెప్పేవాణ్ణి. అప్పుడు వాళ్లు లేచి నిలబడేవాళ్లు.